ఆ ముసలమ్మ నవ్విందా, ఏడ్చిందా

మా రెండిళ్ళ మధ్య చిచ్చు పెట్టింది ఒక కొరియా దయ్యం సినిమా అని ఇప్పటికీ అడిగినవాళ్ళకి చెబుతుంటాను. అది పచ్చి అబద్ధం. చిచ్చు పెట్టింది నేను. సినిమా నాకు దొరికిన సాకు.

కంచరపాలెంలో ఒకే గోడ పంచుకున్న రెండు పోర్షన్లలో వాళ్ళూ మేమూ తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాం. పక్కింటాయన పోర్టులో క్రేన్ నడుపుతాడు. మేం ఎలమంచిలి దగ్గర పల్లె నుంచి వచ్చిన రైతు కుటుంబం, వాళ్ళు మూడు తరాలుగా చర్చికి వెళ్ళే మనుషులు. అయినా వచ్చిన వారంలోనే అతను నన్ను బావా అన్నాడు, నేనూ బావా అన్నాను. ఆ వరసన అతని భార్య నాకు చెల్లెలైంది, మా పాపకి అత్తయింది. వాళ్ళకి పిల్లలు లేరు.

ఆ ఆదివారం వాళ్ళు చర్చి నుంచి వచ్చి, భోజనాలు కానిచ్చి, మా ఇంటికి సినిమా చూడటానికి వచ్చారు. పాపకి నాలుగు రోజులుగా జ్వరం. లోపలి గదిలో పడుకుని ఉంది. నేను, మా ఆవిడ, అమ్మ, వాళ్ళిద్దరూ టీవీ ముందు చేరాం.

కథ చిన్నదే. ఒక దీవిలో ఓ తండ్రి, జబ్బుపడ్డ కూతురు. పొరుగున ఉన్న ముసలమ్మ రోజూ పొద్దున్నే పిల్లకి గంజి కాచి తెస్తుంది. ఊళ్ళోకి వచ్చిన మంత్రగాడు, పిల్లని పీల్చేస్తున్నది ఆ గంజేనంటాడు. మంత్రగాడూ తక్కువ తినలేదు, అతను అడుగుపెట్టిన ఇంట్లో దీపాలు ఆరిపోతుంటాయి. ఎవరు దయ్యమో, ఎవరు మనిషో దర్శకుడు చెప్పడు. చివరికి తండ్రి గంజిని సముద్రంలో పారబోస్తాడు. తెల్లారి చూస్తే పక్క మీద పిల్ల ఉండదు. ముసలమ్మ ఒడ్డున మనకి వీపు పెట్టి కూర్చుని ఉంటుంది, ఆమె భుజాలు కదులుతుంటాయి. అంతే, అయిపోయింది. తెలుగు డబ్బింగులో ఆవిడ మన సీరియల్ అత్తగారిలా మాట్లాడుతుంటే మొదట్లో తెగ నవ్వుకున్నాం. ఆఖరికి ఆ నవ్వులన్నీ ఎగిరిపోయాయి.

ముందుగా మా అమ్మ తేరుకుంది. "ఆ భుజాలు సూసినావా? నవ్వుతన్నాది. పిల్లని మింగీసి నవ్వుతన్నాది."

"నవ్వడమేటమ్మా! ఏడుత్తన్నాది," అంది చెల్లెలు. "పొద్దున్నే లేసి వొండింది పారబోసీసినాడు. ఏడుపు రాదేటి?"

"తీసినోడికే తెలీదు బావా, మనకేటి తెలుత్తాది," అని బావ ఒళ్ళు విరుచుకున్నాడు. మా ఆవిడకి దయ్యంతో పనే లేదు. పిల్ల ఏమైపోయింది, పిల్ల ఏమైపోయింది అని అందర్నీ నిలదీసింది.

నేను మాత్రం, చెల్లెలు ఆ ముసలమ్మని అంత గట్టిగా ఎందుకు వెనకేసుకొచ్చిందా అని చూస్తున్నాను. ఎందుకంటే, పాపకి జ్వరం తగిలిన మర్నాటి నుంచీ రోజూ పొద్దున్నే చోడంబలి కాచి తెస్తున్నది ఆమే. రాగుల్ని మేం చోళ్ళంటాం. పాప ఏం పెట్టినా కక్కేస్తోంది, ఆ అంబలి ఒక్కటే కడుపులో నిలుస్తోంది. అదీ నాకు అనుమానమే అయింది.

నా బుద్ధే అంత. ఉక్కు ఫ్యాక్టరీలో కడ్డీలు పరీక్ష చేసే పని నాది. పైకి నున్నగా కనిపించేదాన్నే ముందు అనుమానించమని పని నేర్పిన పెద్దాయన చెప్పాడు. ఇరవై ఏళ్ళుగా అదే చేస్తున్నాను. డ్యూటీ దిగినా ఆ బుద్ధి దిగదు.

సోమవారం క్యాంటీన్లో కదిపితే, ఆ సినిమా చూసినవాళ్ళు ముగ్గురు తేలారు, అభిప్రాయాలు నాలుగు. వాళ్ళలో ఒకతను, అందులో దయ్యమే లేదు, పిల్లకి మామూలు జబ్బే, తండ్రికే మతి పోయింది అని వాదించాడు. ఆ మాట నాకు అస్సలు నచ్చలేదు. దయ్యం లేదంటే ఇక అనుమానించడానికి తండ్రి ఒక్కడే మిగులుతాడు. ఇంటికొస్తూ బస్సులో ఫోన్ తీశాను. ముగింపుకి అర్థం ఇదీ అంటూ పదిమంది పది వీడియోలు చేశారు. కింద జనం ముసలమ్మ గురించి ఒకళ్ళనొకళ్ళు బండబూతులు తిట్టుకుంటున్నారు. "పొరుగువాళ్ళు ఊరికే ఎందుకు పెడతారు?" అని ఎవరో రాశారు. దాన్ని రెండుసార్లు చదివాను. తెలివైనవాడు అనుకున్నాను.

మంగళవారం నాది రెండో షిఫ్టు, మధ్యాహ్నం దాకా ఇంట్లోనే. మా ఆవిడ ద్వారకా నగర్లో బట్టల కొట్లో పనికి వెళ్ళిపోయింది. చెల్లెలు స్టీలు గిన్నెలో అంబలి తెచ్చి, పాప నుదుటి మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి వెళ్ళింది. ఆమె గుమ్మం దాటగానే అమ్మ మొదలుపెట్టింది.

"పిల్లల్లేని మనిసి. పెదాలాడించి ఏటి సదువుతందో, ఇందులో ఏటి కలుపుతందో. జొరం తగ్గిందేటి? నాను సెప్తన్నాను, పిల్లకి పోయకు."

అమ్మ చెప్పింది కాబట్టి చేశానంటే కుదరదు. అమ్మ చెప్పేసరికే గిన్నె నా చేతిలో ఉంది. పెరట్లో తూము దగ్గర అంబలి వొంపేసి, రెండు చెంబుల నీళ్ళు పోసి, గిన్నె తోమాను.

మా వైపు ఒకరింటి గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వరు. ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేసి ఇస్తారు. తొమ్మిదేళ్ళలో ఆ గోడకి అటూ ఇటూ ఏ గిన్నే ఉత్తిగా వెళ్ళలేదు. నేను పంచదార డబ్బా మూత తీశాను కూడా.

"ఒద్దొద్దు. మనింటిది ఏదీ ఆ ఇంటికి ఎల్లకూడదు, మన మీద పట్టు దొరికిపోద్ది," అంది అమ్మ. మూత పెట్టేశాను.

ఉత్త గిన్నె పట్టుకుని వెళ్ళేసరికి చెల్లెలు వాళ్ళ గుమ్మం దగ్గర అంట్లు తోముతోంది. మా పెరటి తూము నీళ్ళు పోయేది వాళ్ళ గుమ్మం ముందు కాలువలోంచే. ఆ సంగతి నాకు తెలియక కాదు, ఆ పూట గుర్తు రాలేదు. కాలువలో అంబలి చార ఇంకా మెల్లగా పాకుతోంది.

"తాగినాదా అన్నయ్యా?"

"మొత్తం తాగీసినాది సెల్లీ."

ఆమె కాలువలోకి చూసింది. గిన్నెలోకి చూసింది. నా వంక చూడలేదు. "మంచిది," అని గిన్నె పట్టుకుని లోపలికి పోయింది.

బుధవారం రక్తపరీక్షలో టైఫాయిడ్ అని తేలింది. నీళ్ళ వల్ల వచ్చి ఉంటుందన్నాడు డాక్టరు. జరిగింది తెలిసి మా ఆవిడ నన్ను ఉతికి ఆరేసింది. "అనుమానం పెనుభూతం అని ఊరికినే అన్నారేటి? మా వదిన మొకం నాను ఎలాగ సూడాలి?" అంది. అమ్మ ఏమందో తెలుసా? "నానేటి సేసినాను? పారబోసినోడు ఆడు గదా." సిగ్గుతో చచ్చిపోయాను, ఎందుకంటే అమ్మ అన్నది నిజం.

అంబలి రావడం ఆగిపోయింది. బావ నన్ను బావా అనడం మానలేదు గానీ, ఆగి మాట్లాడటం మానేశాడు. మందులు పడ్డాయి, కానీ పాప బ్రెడ్డు ఉమ్మేసింది, పాలు తోసేసింది. "అత్త అంబలి కావాల," అని ఏడ్చింది. రెండు రోజులు చూసి, వాళ్ళ తలుపు కొట్టాను. తప్పయిపోయింది, క్షమించు అనాలని దారి పొడుగునా అనుకున్నాను. దారి ఎంతని, పది అడుగులు. తీరా ఆమె తలుపు తీసేసరికి, "పాప అడుగుతంది సెల్లీ," అని మాత్రం అనగలిగాను.

మర్నాడు పొద్దున్నే వచ్చింది. ఇదివరకు తిన్నగా పాప గదిలోకి వెళ్ళిపోయే మనిషి, ఈసారి గుమ్మం బయటే నిలబడింది. నేను ఎదురుగా వచ్చేదాకా ఆగింది. గిన్నెలో చెంచా ముంచి, నిండా తీసుకుని తన నోట్లో పోసుకుంది. మింగింది. కాసేపు అలాగే నా మొహంలోకి చూస్తూ నిలబడి, అప్పుడు గిన్నె చాపింది.

"ఉప్పు సూసినాను అన్నయ్యా," అంది.

పాప లేచి తిరిగేదాకా పన్నెండు రోజులు అంబలి వచ్చింది. పన్నెండు రోజులూ ఆమె గుమ్మం బయటే నిలబడి, నాకు కనబడేలా మొదటి చెంచా తాను తాగి, ఉప్పు చూశానంటూ ఇచ్చింది. అక్కర్లేదమ్మా అని నేను ఒక్క రోజూ అనలేకపోయాను. రెండు చేతులా గిన్నె అందుకుని లోపలికి తీసుకెళ్ళి పాపకి పట్టాను.