వెనక్కి చూసే సీటు

మా అక్క నీళ్ళ మీద స్కీయింగ్ చేసేదని చెబితే ఇప్పటికీ చాలామంది నవ్వేస్తారు. చల్లపల్లిలో ఒక హైస్కూల్లో ఆటల టీచరు ఆవిడ. నలభై దాటాక నేర్చుకుంది. చుడీదారు మీద లైఫ్ జాకెట్ బిగించుకుని, కాళ్ళకి పొడుగాటి స్కీలు తొడుక్కుని, నాగాయలంక దగ్గర కృష్ణలో బోటు లాగుతుంటే తాడు పట్టుకుని నీళ్ళ మీద నిలబడి వెళ్ళేది. మొదట్లో రెండు స్కీల మీద, తర్వాత తర్వాత ఒక్కదాని మీదే. గట్టున పడవలు కడుక్కునేవాళ్ళు పని ఆపి చూసేవాళ్ళు. "టీచరమ్మ గారూ, పడతారండీ!" అని ఎవరో ఒకరు అరిచేవారు. పడితే పడేది. ముక్కులోంచి నీళ్ళు చీదుకుని మళ్ళీ తాడు అందుకునేది.

బోటు మా బావది. బందరులో ఇంజన్ మెకానిక్ ఆయన. గిలకలదిండి హార్బరులో చేపలబోట్ల ఇంజన్లు బాగుచేయడం ఆయన వృత్తి. ఎక్కడో ఒక రిసార్టు మూసేస్తూ సామాన్లు అమ్మేస్తుంటే ఈ ఫైబర్ బోటు, దాని వెనక తగిలించే పెట్రోలు ఇంజను, స్కీలు, తాడు అన్నీ కలిపి కొనుక్కొచ్చాడు. బాగుచేసి అమ్ముదామనే ఆయన ఉద్దేశం. బాగయ్యాక నడిపి చూడటానికి వెళ్తూ అక్కని కూడా తీసుకెళ్ళాడు. మూలన పడున్న స్కీలు చూసి అక్క, "వీటి మీద ఎలా నిలబడతారో కనుక్కోండి" అంది. ఆయన కనుక్కున్నాడు. ఇక బోటు అమ్మే మాట మళ్ళీ ఎత్తలేదు.

నాది గుడివాడలో కళ్ళజోళ్ళ షాపు. శనివారం సాయంత్రం షట్టర్ దించి బస్సెక్కి బందరు వెళ్ళేవాణ్ణి. తెల్లవారేసరికి ముగ్గురం నాగాయలంకలో ఉండేవాళ్ళం. గాలి లేస్తే నీళ్ళు గరుకెక్కిపోతాయి, స్కీ నిలవదు. అందుకని ఎండెక్కకముందే అంతా అయిపోవాలి.

ఈ ఆటకి ముగ్గురు కావాలి. నడిపే మనిషి ముందుకే చూడాలి. వలలుంటాయి, వలకట్టే కర్రలుంటాయి, ఎదురుగా పడవలొస్తాయి. తాడు చివర ఉన్న మనిషిని కనిపెట్టుకుని ఉండటానికి ఇంకొకరు బోటులో వెనక్కి తిరిగి కూర్చోవాలి. ఆ సీటు నాది. అక్క బొటనవేలు పైకెత్తితే "పెంచమంటోంది బావా" అనేవాణ్ణి. కిందికి దించితే "తగ్గించమంటోంది". పడితే "పడింది". నా పని అంతవరకే. "నువ్వూ నేర్చుకోరా" అని అక్క ఎన్నోసార్లు అంది. నాకెందుకులే అనేవాణ్ణి.

అక్కడిదాకా సముద్రపు పోటు వస్తుంది. నీళ్ళలో ఉప్పు. ఒడ్డుకొచ్చి బోటుని ట్రైలర్ మీదికి లాగి షెడ్డుకి చేర్చాక, ఇంజనుకి పైపు తగిలించి మంచినీళ్ళతో కాసేపు నడపాలి. లేకపోతే ఉప్పు లోపలే పేరుకుపోతుంది. ఇంజను విప్పి చూడటం బావ పని అయినా, ఈ కడగడం మాత్రం అక్కదే. బోటు అడుగున బిరడా తీసి చేరిన నీళ్ళు వదిలేసేది. తాడు పొడవునా వేళ్ళతో తడిమి ఎక్కడైనా పోగులు లేచాయేమో చూసేది. చివర్లో ఇంజను పక్కనుంచి సన్నటి ధార పడుతుంటే దాంతోనే కాళ్ళు కడుక్కుని, "ఇంక టిఫిను" అనేది.

ఒక వేసవి చివర్లో, వరదకి ముందు, అక్క పడింది. పడటం కొత్త కాదు. కానీ తాడు అందేలా బోటు తిప్పుకొచ్చినా చెయ్యి చాపలేదు. పొట్ట పట్టుకుని నీళ్ళలో అలాగే తేలుతోంది. పైకి లాగాం. "కండరం పట్టేసుంటుంది" అన్నాడు బావ. అక్క మొహం చూస్తే నాకు అలా అనిపించలేదు. బోటు షెడ్డులోకి నెట్టేసి బందరు తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరు విజయవాడ వెళ్ళమన్నారు. విజయవాడలో కడుపులో గడ్డ అన్నారు. ఎప్పటినుంచో ఉందట.

ఆస్పత్రిలో ఒకరోజు అక్క కళ్ళు మూసుకునే అడిగింది. "ఏవండీ, ఆవాళ ఇంజను కడిగారా?"

"కడిగాం" అన్నాడు బావ.

కడగలేదు. ఎవరికి గుర్తుంటుంది. నేను కిటికీ వైపు తిరిగాను.

ఆ ఏడు కృష్ణకి వరద తగ్గకముందే అక్క పోయింది.

కర్మకాండలు అయ్యాక చాలా వారాలు నేను బందరు వెళ్ళలేదు. వెళ్తే ఏం మాట్లాడాలో తెలియక. చలికాలంలో ఒకరోజు బావే ఫోన్ చేశాడు.

"ఆదివారం వస్తావా? బోటు ఊరికే ఉంటే పాడైపోతుంది."

వెళ్ళాను. అప్పటికే పాత పెట్రోలు పారబోసి, ప్లగ్గులు మార్చి, కార్బురేటర్ శుభ్రం చేసి, స్కీలు కూడా బోటులో పెట్టి ఉంచాడు. గడ్డం పెరిగిపోయింది. బోటు పెట్టుకోవడానికి షెడ్డు ఇచ్చిన పెద్దాయన కూడా వచ్చి నిలబడ్డారు. నాగాయలంకలో ఐసు వ్యాపారం చేసే సాయిబు గారు, మా అక్కని 'అమ్మాయీ' అని పిలిచేవారు.

"స్కీలు ఎందుకు బావా, ఎవరు చేస్తారు?" అన్నాను.

"నువ్వు."

"నాకు రాదు కదా."

"ఆవిడకీ వచ్చేది కాదు" అని బోటెక్కాడు. వెనక్కి చూసే నా సీట్లో సాయిబు గారు కూర్చున్నారు. నేను కాదనలేకపోయాను.

మా ఊరి కాలవలో ఈదిన అలవాటు తప్ప నాకేమీ తెలియదు. బోటు లాగగానే భయంతో తాడు పిడిని గుండెలకి లాక్కున్నాను, వెల్లకిలా పడ్డాను. మళ్ళీ అంతే. మోకాళ్ళు చాపేసేవాణ్ణి, స్కీలు చెరో దారి పట్టేవి. వారం వారం నీళ్ళు తాగి, భుజాలు నొప్పెట్టి, గుడివాడ వచ్చి కళ్ళద్దాలు అమ్ముకునేవాణ్ణి. అక్క ఎప్పుడో అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. "బోటు లేపుతుందిరా. నువ్వు లేవకూడదు." ఒక ఉదయం అలాగే మోకాళ్ళు ముడుచుకుని, చేతులు చాచి, ఏమీ చేయకుండా ఉండిపోయాను. నీళ్ళు నన్ను పైకి తోశాయి. నిలబడ్డాను. సాయిబు గారు రెండు చేతులూ ఎత్తేశారు. బావ మాత్రం ముందుకే చూస్తున్నాడు.

ఆ తర్వాత కొంచెం కొంచెంగా వచ్చింది. బోటు వెనక రెండు వైపులా నీళ్ళు గట్టులా లేస్తాయి. మధ్యలో నునుపు. ఆ నునుపులో ఉన్నంతసేపూ హాయిగానే ఉంటుంది. గట్టు దాటి అవతలికి వెళ్ళి, ఒరిగి, మళ్ళీ లోపలికి రావడమే కష్టం. గట్టుని చూస్తే పడతాం. అవతలి ఒడ్డునున్న చెట్లని చూడాలి. అక్క ఎప్పుడూ ఎటో చూస్తూ చేసేది. పరధ్యానం అనుకునేవాణ్ణి. ఇన్నేళ్ళు ఎదురుగా కూర్చుని చూశాను, ఒక్కటీ అర్థం చేసుకోలేదు. ఏదైనా కొత్తగా వచ్చిన రోజున, "అక్కా, నువ్వు ఇలాగా చేసేదానివి" అని చెప్పాలనిపించేది. చెప్పడానికి మనిషి లేదు. ఆ రోజుల్లో బాగా చేసిన ఆదివారమే నాకు ఎక్కువ ఏడుపొచ్చేది. తడి మొహం కాబట్టి ఎవరికీ తెలిసేది కాదు.

ఎండలు ముదిరాక ఒకసారి సాయిబు గారు పెళ్ళికి వెళ్ళారు. ఊరికే బోటు తిప్పుకొద్దామని ఇద్దరమే వెళ్ళాం. ఏటి మధ్యలో ఇంజను పక్కనుంచి పడే ధార ఆగిపోయింది. ఆ ధార ఉంటేనే ఇంజను చల్లబడుతున్నట్టు. బావ వెంటనే ఆపేశాడు. మూత తీసి చెయ్యి పెట్టబోయి వెనక్కి లాక్కున్నాడు, వేడి.

"లోపల నీళ్ళు తోడే రబ్బరు చక్రం పోయింది. ఉప్పు పట్టి తినేసుంటుంది" అన్నాడు.

ఆ ఉప్పు ఏ రోజుదో ఇద్దరికీ తెలుసు.

పోటు మమ్మల్ని మెల్లగా ఎగువకి నెడుతోంది. ఏదైనా చేపల పడవ వస్తే లాగించుకుందామని కూర్చున్నాం. బావ ఇంజను మూత మళ్ళీ బిగించాడు. చివరికి, "నిన్నొకటి అడగాలి" అన్నాడు.

"అడగండి బావా."

"మీ అక్క ఎలా చేసేది?"

నాకు అర్థం కాలేదు. "ఏంటి?"

"స్కీయింగ్. నేను చూడలేదు కదా. ఎప్పుడూ ముందుకే చూస్తూ నడిపాను. నువ్వు పెంచమంటే పెంచాను, పడిందంటే తిప్పాను. వెనక్కి తిరిగేసరికి ఆవిడ నీళ్ళలో ఉండేది, జుట్టు మొహం మీద పడిపోయి. నిలబడి ఉండగా సరిగ్గా చూడనేలేదు."

"వీడియోలున్నాయేమో..."

"గట్టు మీద నుంచి ఎవరో తీసిన ఒక్కటి ఉంది. చుక్కలా కనిపిస్తుంది. అది ఆవిడో కాదో కూడా తెలియదు."

నేను చెప్పడం మొదలుపెట్టాను. ఎడమవైపు వెళ్ళేటప్పుడు ఎక్కువ ఒరిగేదని, పిడి మీద ఒక చెయ్యి వదిలేసి నీళ్ళని తాకేదని, పడబోయేముందు నోరు తెరిచేదని. చున్నీ తీసేసి నడుముకి కట్టుకునేదని. పాట ఏదో పాడుకునేదని, ఇంజను చప్పుడులో పెదాలు కదలడమే కనిపించేదని. బావ తల వంచుకుని విన్నాడు. నేను ఆగితే "ఇంకా" అన్నాడు. చెప్పడానికి ఏమీ మిగలని దాకా చెప్పాను. పడవ వచ్చి తాడు విసిరినప్పుడు ఆయనకి లేవడం కష్టమైంది.

ఆ రబ్బరు చక్రం కొత్తది తెప్పించి వేశాడు. ఆ తర్వాత వచ్చిన మొదటి ఆదివారం మా మేనకోడల్ని కూడా రమ్మన్నాడు. విజయవాడలో నర్సు. తల్లి పోయాక ఆ అమ్మాయి బోటు పేరెత్తితే మండిపడేది. "అమ్మే లేనప్పుడు అదెందుకు నాన్నా, అమ్మెయ్" అనేది. అయినా వచ్చింది.

"నడపడం నీకు నేర్పాను కదా. ఇవాళ నువ్వు నడుపు. నేను వెనక కూర్చుంటాను" అన్నాడు బావ.

ఆ అమ్మాయి తాళం అందుకుంది. నా వైపు చూసింది. నేను స్కీలు తొడుక్కుని నీళ్ళలోకి దిగాను.

ఆ రోజు బాగా చేశాను, దాచుకోవడం ఎందుకు. వెంటనే లేచాను. గట్టు దాటాను, ఎడమవైపు ఒరిగి వెళ్ళాను. భయంగానే ఒక చెయ్యి వదిలి నీళ్ళని తాకాను. ఆయన కోసమే. బావ నా సీట్లో కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని చూస్తున్నాడు. కాసేపు ఆయన మొహంలో ఏదో వెతుకులాట కనిపించింది. తర్వాత అది ఆగిపోయింది. నేను నేనేనని, బట్టతల, పొట్ట ఉన్న బావమరిదినని, అప్పుడే కనిపించినట్టు. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

వెనకనుంచి మాటేమీ వినబడకపోయేసరికి మేనకోడలు తిరిగి చూసింది. వేగం తగ్గించేసింది. తాడు వదులై నేను నీళ్ళలోకి దిగిపోయాను. దూరంగా బోటు ఆగింది. ఆ అమ్మాయి స్టీరింగ్ వదిలి వచ్చి వాళ్ళ నాన్న పక్కన కూర్చుని ఆయన తలని తన భుజానికి ఆనించుకుంది. తల్లి పోయిన రోజున కూడా ఆస్పత్రి మనిషిలా అన్ని పనులూ చక్కబెట్టిన పిల్ల, పెద్దగా ఏడుస్తోంది. నీళ్ళ మీదుగా నాకు వినిపిస్తోంది. నేను పిలవలేదు. స్కీల కొనలు నీళ్ళపైన పెట్టుకుని, లైఫ్ జాకెట్‌లో తేలుతూ, వాళ్ళకి నేను గుర్తొచ్చేదాకా అక్కడే ఉండిపోయాను.

వరదలు రాకముందే బోటు అమ్మేశాడు. కాకినాడ వైపునుంచి ఎవరో ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు, పర్యాటకుల్ని తిప్పుకుంటామన్నారు. ట్రైలర్ చక్రాల బేరింగులకి బావే గ్రీజు పెట్టి పంపాడు. మేనకోడలు అడిగిందే జరిగినా ఆ రోజు రాలేదు.

ఇప్పుడు ఆదివారాలు కూడా షాపు తెరుస్తున్నాను. నెలకోసారి బందరు వెళ్తాను. మొన్న వెళ్ళినప్పుడు ఇద్దరం అన్నం తింటుంటే బావకి ఫోన్ వచ్చింది. ఆ కుర్రాళ్ళే, పొద్దుట్నుంచీ ఇంజను స్టార్ట్ అవ్వడం లేదట. బావ ఎడమచేత్తో ఫోన్ పట్టుకుని, ఎంగిలి చేత్తోనే వీధిలోకి వెళ్ళాడు. పెట్రోలు పైపు మధ్యలో ఉండే రబ్బరు బుడ్డిని గట్టిపడేదాకా పిసకమని, కంగారుగా తాళం తిప్పొద్దని, ఇంజను చల్లబడి ఉన్నప్పుడు అలాగే మొరాయిస్తుందని, కాస్త బుజ్జగించాలని ఎండలో నిలబడి చెబుతున్నాడు. అవతల స్టార్ట్ అయినట్టుంది. "ఆఁ, వినిపిస్తోంది, వినిపిస్తోంది" అన్నాడు. వాళ్ళు ఫోన్ పెట్టేశాక కూడా చెవి దగ్గర్నుంచి తియ్యలేదు. నేను లోపలికి పిలుద్దామనుకుని, ఊరుకుని, ఆయన కంచం మీద మూత పెట్టాను.