పదిహేడో నంబరు కింద ఖాళీ

ముందే ఒప్పేసుకుంటున్నాను: నేను గోరంతను కొండంత చేసే మనిషిని. మా ఇంట్లో పిల్లి పాలు తాగితే, పులి వచ్చి గేదెను ఎత్తుకుపోయిందని చెప్పే రకం. కాబట్టి ఇందులో ప్రతిదాన్నీ సగానికి సగం తగ్గించుకుని చదవండి. తగ్గించినా మిగిలేది తక్కువేమీ కాదు.

అప్పట్లో నేను ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు కాలేజీలో పీజీ విద్యార్థులకు పాఠాలు చెప్పేవాణ్ణి. రోజుకో జీపు, జీపుకో పార్టీ, పార్టీకో శవం అన్నట్టుండే కాలం. చదువు పూర్తవ్వాలంటే ప్రతి విద్యార్థీ ఒక పరిశోధన పత్రం రాసి, బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ముందు నిలబడి దాని గురించి మాట్లాడాలి. రాయడం మావాళ్ళకు పెద్ద పనే కాదు. బైండింగ్ షాపులో పాత పత్రాలు దొరికేవి. పత్తి మార్కెట్ మీద ఎవరో పుణ్యాత్ముడు రాసిన పత్రం అట్టలు మార్చుకుంటూ మా తాతల కాలం నుంచీ పాసవుతూనే ఉంది. ఆ ఏడు దాన్ని తెచ్చినవాడికి మీసం కూడా సరిగా రాలేదు. మొదటి పేజీలో "నాకు అండగా నిలిచిన సహధర్మచారిణికి, మా ఇద్దరు పిల్లలకు కృతజ్ఞతలు" అని ఉంది.

"పెండ్లెప్పుడైందిరా నీకు?" అన్నాను.

"కాలేదు సార్. టైపు కొట్టేటోడు తీసేస్తాడనుకున్యా."

మాట్లాడటం ఇంకో గండం. మా పిల్లలు పుట్టి బుద్ధెరిగాక విన్న ఉపన్యాసాలన్నీ పార్టీ మీటింగులవే. రిహార్సల్‌కు లేపితే ఒకడు బల్ల మీద పిడికిలితో గుద్ది, వేరుశనగ తెగుళ్ళ గురించి గర్జించి, "మీ అమూల్యమైన ఓటు" దాకా వెళ్ళి నాలుక కరుచుకున్నాడు. వెనక బెంచీ మొత్తం జిందాబాద్ అంది.

వీళ్ళ మధ్య ఒక అమ్మాయి. జమ్మలమడుగులో మిషన్ బడి టీచరమ్మ కూతురు. కొండాపురం వైపు పల్లెల్లో పిల్లలు బడి ఎందుకు మానేస్తున్నారన్నది ఆమె ఎంచుకున్న విషయం. బస్సు దిగి ఆ అమ్మాయి నడిచిన దూరమంతా కలిపితే కాశీకి పోయి రావచ్చు. మంచి మార్కులొస్తే యూనివర్సిటీలో పరిశోధన సీటు ఖాయం. ఆమెకు కావలసింది అదొక్కటే.

నేను క్లాసులో గొంతు చించుకుని చెప్పేది కూడా ఒక్కటే: ఇంకొకరి మాట వాడుకుంటే ఎవరిదో చెప్పాలి, చెప్పకపోతే అది దొంగతనం. వాక్యానికి నంబరేసి, పేజీ అడుగున పేరు రాయాలి. ఆమె వేసిన నంబర్లన్నిటి కిందా పుస్తకాలో సర్కారు రిపోర్టులో ఉన్నాయి. పదిహేడో నంబరు కింద మాత్రం ఖాళీ. ఎన్నికల ముందు ఒక ఊళ్ళో బడి గదికి తాళం వేసి, లోపల నాటుబాంబులు దాచి, పిల్లలకు సెలవులని చెప్పారు. ఇదీ ఆ వాక్యం.

"ఇది ఎవరు చెప్పినారు పాపా?"

"ఒక ముసలామె సార్. ఆయమ్మ కొడుకే తాళం వేసినాడంట. 'రాసుకో బిడ్డా, పిల్లోళ్ళ చదువులు మన్నైపోతాండాయి. నా పేరు మాత్రం ఎత్తాకు' అనింది."

"పేరు లేకుంటే ఒప్పుకోరు. కొట్టేయ్."

"అది కొట్టేస్తే ఇంగేముంది సార్ దీంట్లో? మిగతాదంతా రిపోర్టుల్లో ఉండేదే గదా."

మా సీమలో "ఎవరు చెప్పినారు?" అన్నది చదువుకునేవాళ్ళ ప్రశ్న కాదు. పోలీసులు అడుగుతారు, లాయర్లు అడుగుతారు, జీపులో వచ్చినవాళ్ళు అడుగుతారు. చెప్పిన మనిషి సాక్షి అవుతాడు. సాక్షి ఆయుష్షు ఎండాకాలం పెన్నలో నీళ్ళంత.

పరీక్ష రోజు కోస్తా నుంచి ఎగ్జామినర్ వచ్చాడు. మా కాలేజీ కమిటీలో రెండు పార్టీల పెద్దలూ ఉండేవారు. ఒకే సోఫాలో కూర్చోరు గనుక హాల్లో రెండు సోఫాలు వేశాం. వాటి మధ్య ఎడంలో జొన్న పండించవచ్చు. ఎగ్జామినర్‌తో కలిసి భోంచేద్దామని ఇద్దరూ వచ్చారు. ఇద్దరి వెనకా వాళ్ళ మనుషులు నిలబడ్డారు.

పత్తి పిల్లవాడు కళ్ళు మూసుకుని అప్పజెప్పేశాడు. ఎగ్జామినర్ తలూపాడు. తర్వాత అమ్మాయి. కాగితం చూడకుండా, ఎదుటివాళ్ళ మొహాలు చూస్తూ, అచ్చం నేను నేర్పినట్టే మాట్లాడింది. బడి గది దగ్గరకొచ్చేసరికి రెండు సోఫాల్లోనూ టీ గ్లాసులు గాల్లో ఆగిపోయాయి. ఇన్నేళ్ళలో రెండు పార్టీలూ కలిసి చేసిన పని అదొక్కటే.

"చాలా బాగుందమ్మా," అన్నాడు ఎగ్జామినర్. "కానీ పదిహేడు కింద ఏమీ రాయలేదేం? ఇది నీకెవరు చెప్పారు?"

ఆయన మర్యాదగానే అడిగాడు. ఎడమ సోఫా వెనక నిలబడ్డవాడు కొంచెం ముందుకు జరిగాడు. "చెప్పు పాపా, సారు అడుగుతాండాడు గదా," అన్నాడు మెత్తగా.

ఆమె నా వైపు చూసింది. నేను మార్కుల పట్టీ వైపు చూశాను.

"ఎవురూ చెప్పలే సార్," అంది. "యాడ్నో ఒక పుస్తకంలో చూసి కాపీ కొట్టినా."

"ఏ పుస్తకం?"

"పేరు గుర్తు లేదు సార్."

"మరి మిగతాది?"

"అదీ అంతే సార్. మొత్తం కాపీనే."

ఎగ్జామినర్ మొహం మాడిపోయింది. "సిగ్గుండాలమ్మా! ఇందాకటి అబ్బాయిని చూసి నేర్చుకో," అన్నాడు. టీ గ్లాసులు మళ్ళీ పెదాలకు చేరాయి.

వరండాలో ఆమెను పట్టుకున్నాను. "మొత్తం కాపీ అని ఎందుకన్నావు పాపా? ఒక్క వాక్యంతో పోయేది కదా."

"అదొక్కటే అంటే మిగతా ఊర్లన్నీ నేను తిరిగినట్టే గదా సార్. నేను యాయే ఇండ్లకు పోయినానో వాళ్ళు వెతుక్కుంటా పోరా?"

ఆ సంగతి నాకు తట్టనే లేదు.

పత్రం తిప్పి పంపారు. సీటు పోయింది. ఆమె పులివెందులలో ఒక చిన్న బడిలో చేరింది. కొన్నేళ్ళకు అక్కడి బస్టాండులో కనిపిస్తే, మళ్ళీ రాయొచ్చు కదా అన్నాను. "దొంగ అని పేరు పడినాక ఎవురు సదువుతారు సార్," అని, లింగాల బస్సు రాగానే ఎక్కేసింది.

ఇక ఒప్పుకోవలసింది ఒప్పుకుంటాను. చాలా చోట్ల ఊది పెంచాను. పెంచడం వేరు, కల్పించడం వేరు. నేను పూర్తిగా కల్పించింది ఆ ముసలామెను. చెప్పింది ముసలి మనిషి కాదు, తాళం వేసింది కొడుకూ కాదు. పార్టీలు జెండాలు మార్చాయి, ఆ వైపు పల్లెలే రిజర్వాయరులో మునిగిపోయాయి, ఇంకా ఈ దాపరికమెందుకని అడుగుతారు. ఊళ్ళు మునిగాయి గానీ మనుషులు మునగలేదు. ఇప్పుడు పునరావాస కాలనీల్లో గోడకు గోడ ఆనుకుని కాపురాలు చేస్తున్నారు.