అరచేతికి తెలిసిన తల

నాగమణి అల్యూమినియం టోపీ లోపలికి కుడిచెయ్యి పోనిచ్చింది. పిల్లకు తలంటేటప్పుడు చేసినట్టే వేళ్లు వంచి మెల్లగా తడుముతూ పోయింది. ఎడమచెవి పైన ఆ చెయ్యి ఆగింది.

“ఇది మా పిల్ల తల గాదు మేడమ్.”

 ఆ ఎడమచెవి పైనే పిల్లకు పుర్రె ఎముక లేదు.

ఇది రెండేళ్ల కిందటి మాట. పాల్వంచలో ఒక చిన్న వర్క్‌షాప్‌లో నేను డిజైన్ ఇంజినీర్‌ని. నాగమణిది ఇల్లందు అవతల, అడవి అంచున గూడెం. ఆమె ఏడేళ్ల కూతురు రమ్య ట్రాక్టర్ మీంచి పడింది. మెదడు వాపు తగ్గేందుకు డాక్టర్లు ఎముక ముక్క ఒకటి తీసి, కొన్ని నెలల తరువాత మళ్లీ పెడతామన్నారు. అప్పటిదాకా ఆ చోట చర్మమే కాపలా. బజారు హెల్మెట్ బరువుకు పిల్ల మెడ వాల్చేస్తోంది. నాలుగు నెలలుగా నాగమణి ఆమెను గడప దాటనివ్వలేదు. తేలికపాటి టోపీ కుదిరితే బడికి పంపవచ్చని డాక్టర్ మా దగ్గరికి పంపారు.

ఒక్క టోపీ కోసం అచ్చు చేయించలేం. అందుకే ఇంక్రిమెంటల్ షీట్ ఫార్మింగ్ పద్ధతి ఎంచుకున్నాం. పలుచటి అల్యూమినియం మిశ్రమలోహపు రేకును అంచుల దగ్గర బిగిస్తాం. గుండ్రటి మొన ఉన్న ఉక్కు టూల్ దాని మీద తిరుగుతూ, ఒక్కో చుట్టుకు గోటి మందమంత లోతుకు నొక్కుతుంది. అలా వందల చుట్లు. ఏ దారిన తిరగాలో కంప్యూటర్ చెబుతుంది. తల ఆకారం కంప్యూటర్‌కు స్కానర్ ఇస్తుంది.

పొరపాటు స్కానర్ దగ్గరే జరిగింది. పట్నం పోతున్నామని నాగమణి ఆ రోజు పిల్ల పొట్టి జుట్టుకు దండిగా కొబ్బరినూనె పెట్టింది. నిగనిగలాడే చోట స్కానర్‌కు ఏమీ కనబడదు. అక్కడ మిగిలిన ఖాళీని సాఫ్ట్‌వేర్ చదునుగా పూడ్చేసింది. నిజానికి ఆ చోట తల కొంచెం ఉబ్బి ఉంది. టోపీ దానికి తగలకుండా ఎడంగా నిలవాలి. స్క్రీన్ మీద నున్నటి గీత చూసి నేను సంతోషించాను. ఆ టోపీతో పిల్ల ఏ గోడకు తగిలినా దెబ్బ నేరుగా లోపలికే పోయేది.

“నేను పెట్టిన నూనెతోనే అయిందా?” అంది నాగమణి.

“గాదక్కా. పెట్టొద్దని చెప్పకపోవుడు నా తప్పు.”

కుళాయి దగ్గర రమ్య తల కడిగి, ఆరాక, మెరుపు పోవడానికి పౌడర్ అద్ది మళ్లీ స్కాన్ చేశాం. ఫోన్‌లో తనను చూసుకుని, ముసలమ్మ లెక్క ఉన్ననని రమ్య మూతి ముడిచింది.

“అట్లనే బడికి పో. సారే లేసి నీకు నమస్తే పెడ్తడు,” అంది తల్లి.

మిగిలింది ఒకే రేకు. ఈసారి ఉబ్బు కోసం టోపీ పక్క గోడ నిటారుగా లేవాలి. నిటారయ్యే కొద్దీ రేకు పలచబడుతుంది, చిరిగిపోతుంది. నొక్కే లోతును సగానికి తగ్గించి, గ్రీజు పూసి, మెషిన్ నడిపాను. ఎన్నో ఏళ్లుగా చూస్తున్న పనే. అయినా ఆ రోజు కళ్లు తిప్పుకోలేకపోయాను. ఏమీ లేని పలకలోంచి ముందు నెత్తి, తరువాత నుదురు, ఆ పక్కన చిన్న ఉబ్బు. ఒక పిల్ల తల మా ముందు పుడుతోంది. ఉబ్బు దగ్గర శబ్దం సన్నబడినప్పుడు నా బొటనవేలు మెషిన్ ఆపే ఎర్ర బటన్ మీదే ఉంది. టూల్ దాన్ని దాటింది. రేకు నిలిచింది.

అంచులు కత్తిరించి నున్నగా చేశాక నాగమణి మళ్లీ చెయ్యి లోపల పెట్టింది. ఈసారి ఎక్కడా ఆగలేదు. లోపల మెత్తటి పట్టీలు అతికించి ఇస్తే, తనే పిల్లకు పెట్టింది.

“ఉర్కనా అమ్మా?” అంది రమ్య.

నాగమణి నావైపు చూసింది. డాక్టర్ చూసినంకనే ఉరుకుడని, అప్పటిదాకా నడవొచ్చని చెప్పాను. రమ్య గేటుదాకా నడిచింది. వెనకే చేతులు చాచి తల్లి నడిచింది. సగం దారిలో ఆ చేతులు కిందికి దించింది.

మొదటి టోపీకి, రెండోదానికి తేడా కొలిస్తే ఐదు మిల్లీమీటర్లు. నేను రెండుసార్లు సరిచూసి వదిలేసినదాన్ని ఒక అరచెయ్యి ఒక్క తడుముడులో పట్టుకుంది. ఆ తరువాత ఒంటిమీద పెట్టుకునే ఏ వస్తువునైనా, ఆ ఒంటిని రోజూ తాకే మనిషి తడిమి చూడకుండా నేను పంపలేదు.

రమ్యకు టోపీ ఇచ్చిన మర్నాడు పొద్దున స్నానాల దగ్గర మా పిల్లలిద్దరి తలల మీద చేతులు పెట్టి నిలబడిపోయాను. బడికి ఆలస్యమవుతోందని ఇద్దరూ గింజుకున్నారు.

“కదలకుర్రి,” అన్నాను. “మీ తలలు ఎట్లుంటయో నా చేతులకు ఇంకా తెల్వది.”