బాబాయి దగ్గు

మా బాబాయి కటింగు షాపుకు వారంలో ఒకరోజు సెలవు. ఆ రోజు తక్కిన షాపులవాళ్లు మధ్యాహ్నం దాకా ముసుగుతన్ని పడుకుంటారు. బాబాయి మాత్రం రేకుపెట్టె పట్టుకుని పెద్దాసుపత్రిలోని క్షయ వార్డుకు పోతాడు. అక్కడి రోగులకు గడ్డాలు గీయడానికి ఎంత ఇస్తామన్నా ఎవరూ రారు. బాబాయి ఊరికే గీస్తాడు.

మా ప్రార్థన మందిరంలో సిలువ మోయడం గురించి గొంతు చించుకునేవాళ్లకు కొదవ లేదు. ఆ వార్డు మెట్లెక్కినవాణ్ణి మాత్రం బాబాయిని తప్ప చూడలేదు. ఎందుకీ కోరి తెచ్చుకునే బాధ అని ఒకసారి అడిగాను. నురగ కలుపుతూనే చెప్పాడు.

"ప్రభువు కుష్ఠురోగిని దూరం నుంచే ఒక్క మాటతో బాగుచేసి పంపొచ్చు కదరా. అయినా చెయ్యి వేశాడు. ఆ మనిషిని ఒకరు ముట్టుకుని ఎన్నేళ్లయి ఉంటుందో."

వాదించడానికి నేను చదివిన పుస్తకాలేవీ అక్కరకు రాలేదు.

వార్డు సంగతి తెలిసి, వాడుకగా వచ్చేవాళ్లు కొందరు ఎదురు షాపుకు మళ్లారు. పిన్ని అదీ ఓర్చుకుంది. అంతలో బాబాయికి దగ్గు పట్టుకుంది. వారాలు గడిచినా తగ్గలేదు. మింగితే ముల్లు గుచ్చినట్టుందనేవాడు. ఎవరూ చెప్పకముందే కంచం, గ్లాసు వేరుపెట్టుకున్నాడు. రాత్రిళ్లు షాపు కుర్చీ వెనక్కి వాల్చి అందులోనే పడుకునేవాడు. నాలుగేళ్ల కూతురు గుమ్మం అవతల నిలబడి, "నేనేం చేశాను నాన్నా?" అని అడిగింది.

పిన్ని అప్పుడు నోరు విప్పింది. "ప్రభువు కోసం మీరు పోతే పోండి. దీన్ని కూడా తీసుకుపోతారా?"

మర్నాడే పరీక్షలకు వెళ్లాం.

కళ్లెలో ఏమీ లేదనీ, ఎక్స్‌రే శుభ్రంగా ఉందనీ డాక్టరమ్మ చెప్పింది. మరి దగ్గెందుకని పిన్ని నిలదీసింది. ఆవిడ బాబాయి నోరు తెరిపించి, టార్చి వేసి, సన్నటి పట్టకారు లోపలికి పోనిచ్చి ఏదో లాగింది. దూది మీద పెట్టి చూపించింది. బిరుసైన తెల్ల వెంట్రుక ముక్క. టాన్సిల్‌లో గుచ్చుకుని ఉందట. బాబాయి గడ్డం ఇంకా నల్లగానే ఉంది.

"ఏం పని చేస్తారండీ మీరు?"

"కటింగు షాపండీ."

"కటింగు మిషన్లో ఇరుక్కున్న వెంట్రుకల్ని నోటితో ఊదుతారా?"

బాబాయి తల వంచుకున్నాడు. ఆయన కుర్చీలో కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. నాలుగు గీతలకోసారి మిషన్ని మూతి దగ్గర పెట్టుకుని పొయ్యి ఊదినట్టు ఊదుతాడు. వార్డులో నర్సు దగ్గరుండి మాస్కు కట్టిస్తే, ఊదాల్సి వచ్చినప్పుడల్లా దాన్ని కిందికి లాగేవాడట.

"ఊదేసి మళ్లీ పెట్టుకుంటానండీ," అన్నాడు, అదేదో జాగ్రత్త అయినట్టు.

డాక్టరమ్మకు ముందు నవ్వొచ్చింది, తర్వాత కోపం వచ్చింది. రోగం అంటకపోవడం వట్టి అదృష్టమని గట్టిగా తిట్టింది. పిన్ని మాత్రం కొంగుతో కళ్లు ఒత్తుకుంటూనే నవ్వింది. "ఏ ముసలాయన గడ్డమో మింగి మా ప్రాణాలు తోడేశారు కదండీ."

ఆ పూట భోజనానికి కూడా కూతురు తండ్రి ఒడి దిగలేదు. వేరుపెట్టిన కంచం మళ్లీ అన్నిటితో కలిసింది.

తర్వాతి సెలవు రోజున రేకుపెట్టె తెరిస్తే, మిషనుకు వెంట్రుకలు దులిపే కొత్త బ్రష్షు వేలాడుతోంది. లావుపాటి దారంతో, పిన్ని వేసిన ముడులతో. ఊదినట్టు తెలిస్తే గడప తొక్కనివ్వనని ఆవిడ వంటింట్లోంచే చెప్పింది. వెళ్లొద్దని మాత్రం అనలేదు.

వార్డు కిటికీ బయటి నుంచి చూశాను. బాబాయి ఒక ముసలాయన గడ్డం కింద అరచెయ్యి పెట్టి ముఖం పైకెత్తాడు. నాలుగు గీతలు గీశాడు. చెయ్యి అలవాటుగా మాస్కు దాకా వెళ్లింది, ఆగింది, దారం వెతుక్కుంది.