ఫ్రిజ్ వెనక కట్టిన పాత చీర

మన వాళ్లందరికీ రాస్తున్నాను. పద్మనాభం ఊళ్లో చెల్లికి మోకాలి నొప్పి తగ్గిందా? మరిదిగారు బీపీ మాత్రలు మానేయలేదు కదా? మధురవాడలో పిల్లల జ్వరాలు ఎలా ఉన్నాయి?

ఈ రోజు మా ఫ్రిజ్ చల్లబడటం మానేసింది. లోపల ఇన్సులిన్ పాడైపోతుందని కంగారుపడి మెకానిక్‌ను పిలిపించాను. అతను ఫ్రిజ్ వెనక చూసి, నేను కట్టిన పాత చీర లాగేశాడు.

“ఇదేటి మామ్మా, పెళ్లికూతురికి కట్టినట్టు దీనికి సీర కట్టీసినావు?”

“మల్కాపురంలో ఉంటన్నాం కదా బాబూ. పోర్టు బొగ్గుదుమ్ము పడతాదని కట్టినాను.”

“మరి వేడి బయటికెలాగెల్తాది? అందుకే సల్లబడ్డం లేదు. తలుపు అరలో ఈ మందెవరిది?”

“మా ఆయనది.”

“ఆయనేరి?”

“పోయి మూడు నెలలయింది.”

అతను వెనక గొట్టాల మీది దుమ్ము దులిపి, ఫ్రిజ్‌ను గోడకు జానెడు దూరం జరిపి వెళ్లాడు. సాయంత్రానికి చల్లబడింది. నాకు సంతోషమూ లేదు, ఏడుపూ రాలేదు. పొద్దున్న ఆ మందు కోసం అంత కంగారు ఎందుకు పడ్డానో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

సీసాలు ఇంకా తలుపు అరలోనే ఉన్నాయి. పారేయడానికి నాకు చేతులు రావడం లేదు. చెల్లీ, వచ్చే ఆదివారం వస్తానన్నావు కదా, నువ్వే తీసెయ్.