బోల్టు మీద ఎర్ర గీత

ఈ రోజు తెలంగాణ బంద్. మెదక్ బజారంతా మూతపడినా, మా మెకానిక్ గౌస్ భాయ్ సగం దించిన షట్టర్ వెనక నా కారు గేర్‌బాక్స్ విప్పాడు. కొన్నాళ్లుగా ఇంజన్ వెనక ఒకటే టకటక.

చూస్తే ఇంజన్ వెనక తిరిగే బరువైన చక్రం, ఫ్లైవీల్, దాని బోల్టులు లూజయ్యాయి. ఆ అదురుకు ఒక రంధ్రంలో థ్రెడ్లు కూడా అరిగిపోయాయి. మొన్ననే తూప్రాన్‌లో క్లచ్ ప్లేటు మార్పించాను కాబట్టి, అక్కడి మెకానిక్‌ను తిట్టడం మొదలుపెట్టాను.

గౌస్ భాయ్ మసి తుడిచి టార్చి వేశాడు. ప్రతి బోల్టు తల మీద నుంచి ఫ్లైవీల్ మీదికి సన్నటి ఎర్ర గీత ఉంది. బోల్టు కదలనంత కాలం అది ఒకటే గీత. ఇప్పుడు అన్నీ రెండు ముక్కలై పక్కకు జరిగి ఉన్నాయి.

"గీ నెయిల్ పాలిష్ గీత నాదే సార్. క్లచ్ ప్లేటుకు ఫ్లైవీల్ ఇప్పే పనే లేదు, తూప్రానోళ్లు దాన్ని ముట్టనే లేదు. పోయినేడు ఆయిల్ సీల్ మార్చినప్పుడు నేనే ఫ్లైవీల్ ఇప్పి, కొత్త బోల్టులు ఎయ్యకుండ పాతవే మల్ల బిగించిన. గల్తీ నాది."

"తుడిచేస్తే నాకు తెలిసేదే కాదు కదా భాయ్?"

"తుడిచేదుంటే గీసుడెందుకు సార్?"

అరిగిన రంధ్రంలో కొత్త థ్రెడ్ల తొడుగు దించి, కొత్త బోల్టులు బిగించి, మళ్లీ నెయిల్ పాలిష్ సీసా తీశాడు.

బండి ఇప్పుడు నిమ్మళంగా ఉంది. తూప్రాన్ ఆయనకు మనసులోనే సారీ చెప్పుకున్నాను. ఇట్లా తన పని మీద తానే గీత గీసుకునే మేస్త్రీ ఎవరైనా ఉంటే చెప్పండి, ఇల్లు మొదలుపెట్టాలి.