ఎందుకైనా మంచిది

అమెరికాలో ఓ పెద్ద సరస్సు ఒడ్డునున్న దులూత్ ఊరు మొత్తం జల్లెడ పట్టినా హార్లన్ నీగార్డ్ అంత పిరికి మనిషి దొరకడు. ప్యాంటుకి బెల్టు పెట్టుకునేవాడు. ఆ బెల్టు మీద నమ్మకం లేక భుజాల మీదుగా పట్టీలు కూడా తగిలించేవాడు. మండు వేసవిలో కారు డిక్కీ తెరిస్తే మంచు తవ్వే పార, రెండు దుప్పట్లు, కొవ్వొత్తులు కనిపించేవి. "జులైలో మంచేమిటండీ?" అని ఎవరైనా నవ్వితే, "పడదని సరస్సు రాసిచ్చిందా? ఎందుకైనా మంచిది" అనేవాడు.

అలాంటి మనిషి కింద పని చేసే జోలీన్‌కి ఆ ఏడు నిజంగానే భయం పట్టుకుంది. అకౌంటెంటు లైసెన్సు పరీక్షలన్నీ గట్టెక్కింది. కానీ లైసెన్సుకి నూట యాభై క్రెడిట్ల చదువు ఉండాలి, ఆమె డిగ్రీతో వచ్చినవి నూట ఇరవై. ఆఫీసు యజమానురాలు రోజలిండ్ ఒక్క ముక్కలో తేల్చేసింది.

"సెప్టెంబరుకల్లా హార్లన్‌తో పాటు సంతకం పెట్టగల మనిషి ఇంకొకరు కావాలి జోలీన్. నీకు లైసెన్సు రాకపోతే ఆ కుర్చీలోకి ఇంకొకర్ని తెచ్చుకుంటా. ఇద్దర్ని పోషించే ఓపిక నాకు లేదు."

ఇద్దరు పిల్లలు, ఓడల మీద నెలల తరబడి తిరిగే మొగుడు. మళ్ళీ కాలేజీకెళ్ళి కూర్చోవడం అయ్యే పనా? దాంతో ఇంట్లోంచే చదివే చవక ఆన్‌లైన్ కోర్సులు వెతికింది. అకౌంట్లలో కావలసినవి డిగ్రీలోనే అయిపోయాయి, మిగతావి ఏ సబ్జెక్టైనా ఫరవాలేదు. అయితే ఆ కోర్సులు నడిపే కంపెనీలిచ్చే క్రెడిట్లని ఏదో ఒక కాలేజీ ఒప్పుకుని తన మార్కుల పత్రంలో ఎక్కించాలి. అప్పుడే లైసెన్సులిచ్చే బోర్డు లెక్కలోకి తీసుకుంటుంది.

ఈ సంగతి విన్నప్పట్నుంచీ హార్లన్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎక్కించకపోతే?" అన్నాడు.

"ఎక్కిస్తారులెండి."

"ఎక్కించాక బోర్డు కాదంటే?"

"హార్లన్ గారూ, నాకు ఇప్పటికే గుండె దడగా ఉంది. మీ పుణ్యం ఉంటుంది, ఊరుకోండి!"

ఊరుకోలేదు సరికదా, తనూ ఆ కోర్సుల్లో చేరిపోయాడు! ఎప్పుడో లైసెన్సు తెచ్చుకున్న మనిషి మధ్యాహ్నం బంగాళాదుంపలు పరిచి ఓవెన్‌లో వండిన హాట్‌డిష్ తింటూ ముద్ద ముద్దకీ విటమిన్ల పేర్లు చెప్పేవాడు. పోషకాహారం అయ్యాక పిల్లల మనస్తత్వం పట్టుకున్నాడు. ఆఫీసంతా పడీపడీ నవ్వేది.

"మీకెందుకండీ ఈ తిప్పలు?" అంది రోజలిండ్.

"నా లైసెన్సు లాగేసుకుంటే? ఎందుకైనా మంచిది."

ఒకరోజు జోలీన్ నక్షత్రాల కోర్సుకి డబ్బు కట్టబోతోంది. ఎక్కణ్ణుంచి చూశాడో, పరుగున వచ్చి కంప్యూటర్ వైరు పీకేశాడు.

"అమ్మో, వద్దు! తల ఎత్తి చూసీ చూసీ మెడ పట్టేస్తుంది!"

"ఆన్‌లైన్‌లోనండీ! తల దించుకునే చదువుతాను!"

"అయినా వద్దమ్మాయ్. రాళ్ళ కోర్సు తీసుకో. పోయిన వారమే పూర్తి చేశాను. రాళ్ళు నెమ్మదైనవి."

జోలీన్‌కి ఒళ్ళు మండిపోయింది. అయినా ఆయనతో వాదించడంకన్నా రాళ్ళు చదవడమే తేలికని అదే తీసుకుంది.

ముప్పై క్రెడిట్లూ పూర్తయ్యాయి. దరఖాస్తు వెళ్ళింది. ఆ తర్వాత మొదలైంది అసలు నరకం. ఏ ఒక్క కోర్సుని కాదన్నా కుర్చీ పోయినట్టే. జోలీన్‌కి ఫోను మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. పక్క బల్ల దగ్గర హార్లన్ గోళ్ళు కొరుక్కుంటూ, "కంగారు పడకు" అని వణికే గొంతుతో ధైర్యం చెప్పేవాడు. ఆ ధైర్యం వింటే ఉన్న ధైర్యం కూడా పోయేది.

ఆగస్టు చివర్లో ఇక ఉండబట్టలేక, ఆయన కాఫీకి వెళ్ళిన సమయం చూసి బోర్డుకి ఫోన్ చేసింది. అవతల ఒకావిడ ఎత్తింది. జోలీన్ పేరు, ఆఫీసు పేరు చెప్పింది.

"ఓ, హార్లన్ గారి ఆఫీసా!" ఆవిడ పకపకా నవ్వింది. "ఆయన ఫోన్ రాకుండా మాకు సోమవారం మొదలవదు తల్లీ."

"ఆయనెందుకు చేస్తారండీ?"

"భలేదానివే! నీకోసమేగా? ప్రతి కోర్సూ ముందు తను పూర్తి చేసి, కాలేజీ పత్రంలో ఎక్కించుకుని, 'ఇది చెల్లుతుందా, మా అమ్మాయి చదవచ్చా' అని అడిగేవాడు. పాపం, ఆ నక్షత్రాల కోర్సొక్కటే ఏ కాలేజీ ఎక్కించుకోలేదట. తొంభై మార్కులొచ్చినా వృథా అయ్యాయని ఒకటే బాధ."

జోలీన్ ఖాళీగా ఉన్న హార్లన్ కుర్చీ వైపు తిరిగి చూసింది.

"ఇంతకీ నీ లైసెన్సు పొద్దునే మంజూరైంది. అభినందనలు!"

హార్లన్ కాఫీతో తిరిగొచ్చి కూర్చునేసరికి జోలీన్ ఎదురుగా నిలబడి ఉంది, కళ్ళనిండా నీళ్ళతో. ఆయనకి పై ప్రాణాలు పైనే పోయాయి.

"కాదన్నారా? రాళ్ళనా? నేను మాట్లాడతాను, ఉండు..."

"వచ్చేసిందండీ! అంతా తెలిసిపోయింది కూడా. మీ లైసెన్సుకి భయమని అన్ని అబద్ధాలెందుకు చెప్పారు?"

"నిజం చెప్తే, కోర్సు కోర్సుకీ నువ్వు నా భయం కూడా మోయాల్సొచ్చేది. నీ భయం నీకు చాలదూ?" అని నేల చూపులు చూశాడు. అప్పుడు విన్నది బుర్రకెక్కింది. "ఏమిటీ? వచ్చేసిందా!"

అని ఒక్క గెంతు గెంతాడు. ఏళ్ళనాటి పాత బెల్టు ఆ గెంతుకి ఫట్‌మని తెగి కింద పడింది. ఆఫీసంతా ఊపిరి బిగబట్టి చూసింది. ప్యాంటు మాత్రం కదల్లేదు. హార్లన్ రెండు బొటనవేళ్ళతో పట్టీలు సాగదీసి, జీవితంలో మొదటిసారి ధీమాగా నవ్వాడు.

"ఎందుకైనా మంచిదని చెప్పలా?"